తోక గాలానికి ఏ కుచ్చు కట్టాలి?

విశాఖ తీరంలో దొరికే వంజరం చేప పళ్లు కత్తెరలాంటివి. చిన్న చేపను వెంటాడి తరచూ తోక దగ్గరే తెగ్గొడుతుంది. అందుకే లూర్ అనే ఉత్తుత్తి ఎరతో వంజరాన్ని పట్టాలంటే తోక గాలమే కీలకం. దానికి ఈకలో, నైలాన్ పోగులో కుచ్చుగా కడతారు.

ఒత్తుగా కడితే బాగుంటుందనుకుంటాం. కానీ కుచ్చు పెరిగేకొద్దీ నీటి నిరోధం పెరిగి ఎర ఊగడం తగ్గుతుంది. చేపలు ఒంటి పక్కనున్న పార్శ్వరేఖతో నీటి కదలికను పసిగడతాయి. ఊపు పోతే ఆ కబురే అందదు. చిన్న ఎరకు పలుచని ఈకలు చాలు. పదునైన పళ్లకు ఈకలు త్వరగా ఊడతాయి, అది వేరే సంగతి.

రంగుకొస్తే, నీటిలో ముందు మాయమయ్యేది ఎరుపు. లోతుకు తెలుపు, తళుకు పోగులే నయం.

తడి కుచ్చు ఉప్పునీటిని పట్టి ఉంచి ఉక్కు గాలానికి తుప్పు పట్టిస్తుంది. మంచినీటితో కడిగి ఆరబెట్టాలి. కొత్త కుచ్చు కట్టాక ఒడ్డునే ఓసారి లాగి చూడండి. ఎర ఊగకపోతే సగం కత్తిరించేయండి.