గార్డు డబ్బా.. ఏ ఏటి రంగు?

గూడ్సు బండి పోతుంటే ఇంజన్ చూస్తాం, వ్యాగన్లు లెక్కపెడతాం. ఆఖరి డబ్బా వచ్చేసరికి మళ్లీ ఫోన్‌లోకి వెళ్లిపోతాం. అదే గార్డు బ్రేక్‌వ్యాన్. అమెరికాలో కాబూస్ అంటారు. అక్కడ రైలు మోడళ్లు చేసేవాళ్లు దాని రంగు ఏ కాలానిదో తేల్చడానికి నెలల తరబడి కుస్తీ పడతారు. యూనియన్ పసిఫిక్ కాబూస్‌లు 1940ల చివర్లో ఎరుపు నుంచి పసుపుకు మారాయి. 1930ల లేఔట్‌లో పసుపు డబ్బా పెడితే ఇట్టే దొరికిపోతారు.

నేనూ ఒకటి త్రీడీ ప్రింట్ తీసి, ఎక్కడో దొరికిన ఫొటో చూసి ఎర్ర రంగేశాను. కోరుట్లలో రిటైర్డ్ గార్డు ఒకాయనకు చూపిస్తే అటూఇటూ తిప్పి, ‘మంచిగనే చేసినవ్ బిడ్డా, గని ఇది ఏ సాలు బండి?’ అన్నారు. నోరు పెగల్లేదు.

ఆ జవాబు డబ్బా మీదే ఉంటుంది. మన వ్యాగన్లకు 11 అంకెల నంబరు. మొదటి రెండు రకానికి, తర్వాతి రెండు ఏ రైల్వేదో చెప్పడానికి, 5, 6 అంకెలు తయారైన ఏడాదికి. పదకొండోది తనిఖీ అంకె. మొదటి పదింటిలో సరి స్థానాల్లోని అంకెల మొత్తాన్ని 3తో గుణించి, బేసి స్థానాల మొత్తం కలపండి. పైనున్న పదికి ఎంత తక్కువైతే అదే ఆ అంకె. పైథాన్‌లో నాలుగైదు లైన్ల పని. ఫొటోలో ఒక అంకె చెరిగిపోయినా పట్టుకోవచ్చు.

అయితే తయారైన ఏడు వేరు, రంగేసిన ఏడు వేరు. పీవోహెచ్ అని వర్క్‌షాప్ పేరు, తేదీ పక్కనే రాసి ఉంటాయి. పెద్ద మరమ్మతుకు వెళ్లినప్పుడే కొత్త రంగు పడుతుంది కాబట్టి నమ్మాల్సింది ఆ తేదీనే. పాత ఫొటోలకైతే అక్షరాలే ఆధారం. నిజాం రైల్వే 1951లో సెంట్రల్ రైల్వేలో కలిసింది, దక్షిణ మధ్య రైల్వే 1966 అక్టోబరు 2న పుట్టింది. ఆ పేరున్న డబ్బా అంతకు ముందుది కాదన్నమాట. బ్లాక్ అండ్ వైట్‌ను చూసి ‘నల్ల రంగు’ అని మాత్రం అనకండి. తొలినాళ్ల ఆర్థోక్రోమాటిక్ ఫిల్ముకు ఎరుపు కనిపించదు, ఎర్ర డబ్బా కూడా నల్లగానే పడుతుంది.

ఎండకు వెలిసిన ఎరుపు అసలు ఏ ఎరుపో తేల్చడం ఇంకో తలనొప్పి. ఇందులో సిరిసిల్ల వాళ్లకు లాభముంది. నూలుకు అద్దకం వేసేచోట షేడ్ కలపడం చూసినవాళ్లకు, ట్యూబ్‌లైట్ కింద ఒకలా, ఎండలో ఒకలా కనిపించే రంగు గురించి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇంకోటి. కోరుట్ల స్టేషన్ మోడల్ చేసి అందులో బొగ్గు ఇంజన్ పెట్టకండి. పెద్దపల్లి-నిజామాబాద్ లైను పూర్తయిందే 2017లో!

ఫొటోలు ప్లాట్‌ఫాం మీంచే తీయండి. పట్టాల మీదికి వెళ్తే రైల్వే చట్టం సెక్షన్ 147 కింద కేసు. ఉద్యోగం వెతుక్కునే వయసులో ఎందుకా గొడవ?

నా రెజ్యూమెలో ఈ డబ్బాకు ఒకే లైను ఇచ్చాను. ఓ ఇంటర్వ్యూలో ‘ఈ రంగే అని ఎలా చెప్తావ్?’ అని అడిగారు. నంబరు, పీవోహెచ్ తేదీ, ఫొటో రాసుకున్న నోట్‌బుక్ తీశాను. మిగతా టైమంతా దాని మీదే నడిచింది.

అన్నట్టు, 2022 నుంచి గార్డును ‘ట్రైన్ మేనేజర్’ అంటున్నారు. 2024 ఎన్టీపీసీ నోటిఫికేషన్‌లో గూడ్స్ ట్రైన్ మేనేజర్ పోస్టులు 3,144. డిగ్రీ ఉంటే చాలు. ఆ డబ్బాలో కూర్చునే ఉద్యోగం అదే.