పంచ్ తప్పించుకునేది ఎవరు? మనమా, మన మెదడా?

బాక్సింగ్ రింగ్‌లో ప్రత్యర్థి పంచ్ విసిరితే ఆలోచించే తీరిక ఉండదు. రెప్పపాటులో తల పక్కకు వాలుతుంది. మరి అందులో మన ఇష్టం ఎక్కడుంది?

1983లో అమెరికా శాస్త్రవేత్త బెంజమిన్ లిబెట్ ఇలాంటి ప్రశ్నకే జవాబు వెతికారు. ప్రయోగంలో పాల్గొన్నవాళ్లను ఎప్పుడు అనిపిస్తే అప్పుడు చేయి కదపమన్నారు. కదలికకు సుమారు అర సెకను ముందే మెదడులో విద్యుత్ సంకేతం మొదలైంది. ‘కదపాలి’ అన్న స్పృహ కదలికకు దాదాపు 0.2 సెకన్ల ముందు మాత్రమే కలిగింది. ఆ కాస్త వ్యవధిలోనూ ‘వద్దు’ అని ఆగిపోగలమని ఆయన వాదించారు. దీనిపై చర్చ ఇంకా సాగుతోంది.

అయితే అన్ని నిర్ణయాలూ క్షణంలో పుట్టవు.

నిజామాబాద్‌కు చెందిన బాక్సర్ నిఖత్ జరీన్ మొదట పరుగు పందేల్లో పాల్గొనేవారు. బాక్సింగ్‌లో ఆడపిల్లలు కనిపించకపోవడం గమనించి, ఆ ఆటనే ఎంచుకున్నారు. 2017లో భుజానికి గాయమైంది. కోలుకుని మళ్లీ రింగ్‌లోకి దిగారు. 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ ఛాంపియన్‌గా నిలిచారు.

ఇన్నేళ్ల పట్టుదల ఎలా సాధ్యం? నుదుటి వెనక ఉండే మెదడు భాగం దూరపు లక్ష్యాన్ని గుర్తుంచుకుని, ఇప్పటి బద్ధకాన్ని అదుపు చేయడానికి తోడ్పడుతుంది. రోజూ చేసే సాధన మెల్లగా అలవాటవుతుంది. రింగ్‌లో తల దానంతటదే వాలినట్టు కనిపించినా, ఆ సాధనను ఏళ్ల ముందే ఎంచుకున్నది నిఖతే.