సర్వర్ ఆగితే ఆటా ఆగుతుంది: పాత వీడియో గేమ్‌లు, వాటి చుట్టూ అల్లుకున్న స్నేహాలు ఎందుకు కనుమరుగవుతున్నాయి?

ఝపటాపూర్ (ఖరగ్‌పూర్): బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో ఉపాధి కోసం వచ్చిన తెలుగు కుటుంబాలు తరతరాలుగా స్థిరపడిన పట్టణం ఖరగ్‌పూర్. ఇక్కడి ఝపటాపూర్ వంటి పేటల్లో 1990వ దశకంలో పెరిగిన వారికీ, విజయవాడలోనో వరంగల్‌లోనో పెరిగిన వారి ఈడువారికీ ఉమ్మడి జ్ఞాపకం ఒకటుంది. వేసవి సెలవుల్లో టీవీకి తగిలించి ఆడిన కేసెట్ వీడియో గేమ్ అది.

ఆ తరం ఇప్పుడు నడివయసుకు చేరుతోంది. అటక మీది పాత కేసెట్‌ను దులిపి పెడితే ఆట నేటికీ నడిచే అవకాశం ఉంది. కానీ పదేళ్ల కిందట సొమ్ము చెల్లించి కొన్న కొన్ని ఆటలు మాత్రం ఇప్పుడు తెరుచుకోవడం లేదు. ఈ వైరుధ్యానికి కారణం ఆట ఎక్కడ నివసిస్తుందన్న దానిలో ఉంది.

కేసెట్‌లో ఉన్నదేమిటి?

జపాన్ సంస్థ నింటెండో 1983 జులైలో ఫ్యామికామ్ అనే గేమ్ యంత్రాన్ని విడుదల చేసింది. భారతీయ ఇళ్లలోకి ఎక్కువగా వచ్చినవి దానిని అనుకరించిన చౌక యంత్రాలు. కేసెట్ లోపలి చిప్‌లోనే ఆట మొత్తం ఉండేది. 1985లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ పరిమాణం 40 కిలోబైట్లే. నేటి సెల్‌ఫోన్‌తో తీసే ఒక్క ఫొటో అంతకు ఎన్నో రెట్లు పెద్దది. ఆడేందుకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. కరెంటు, టీవీ ఉంటే చాలు.

అయితే వీటికీ వార్ధక్యం ఉంది. ఆట ఎంతవరకు వచ్చిందో దాచుకునే కేసెట్లలో చిన్న బిళ్ల బ్యాటరీ ఉంటుంది. అది అయిపోతే ఆటగాడి ప్రగతి చెరిగిపోతుంది. ఆట రాకపోతే కేసెట్‌ను నోటితో ఊదే అలవాటు కూడా మేలు చేయలేదు. ఊపిరిలోని తేమ లోహపు కొనలను పాడుచేస్తుంది. బాతులను కాల్చే డక్ హంట్ కథ మరొకటి. తుపాకీ మీట నొక్కగానే తెర క్షణకాలం నల్లబడి, బాతు ఉన్నచోట తెల్లని చతురస్రం మెరుస్తుంది. తుపాకీలోని సెన్సర్ ఆ వెలుగును పసిగడుతుంది. ఈ లెక్క పాత గాజు గొట్టపు టీవీల వేగానికి కుదిరింది. నేటి పలుచని టీవీల్లో చిత్రం కాస్త ఆలస్యంగా వస్తుంది కనుక గురి ఎప్పుడూ తప్పుతుంది.

సర్వర్ ఎవరి చేతిలో ఉంది?

ఇంటర్నెట్ సెంటర్ల కాలంలో ఆట సమూహంగా మారింది. 1999లో ఇద్దరు ఔత్సాహికులు మరో ఆటను సవరించి రూపొందించిన కౌంటర్ స్ట్రైక్‌కు సర్వర్‌ను ఆటగాళ్లే నడుపుకొనే వీలుండేది. నాలుగు కంప్యూటర్లను తీగతో కలిపితే పోటీ మొదలయ్యేది. 2003 నాటి దాని 1.6 రూపాన్ని నేటికీ ఆడగలగడానికి ప్రధాన కారణం ఇదే.

తర్వాతి ఆటల్లో ఆ తాళంచెవి సంస్థల చేతికి వెళ్లింది. అనేక సంస్థల ఆటలకు ఆన్‌లైన్ ప్రత్యర్థులను వెతికిపెట్టిన గేమ్‌స్పై సేవ 2014 మే 31న ముగిసింది. 2014లో విడుదలైన 'ద క్రూ' అనే కార్ల ఆట సర్వర్లను యూబీసాఫ్ట్ 2024 మార్చి 31న నిలిపివేసింది. ఒంటరిగా ఆడుకునేందుకూ సర్వర్ తప్పనిసరి కావడంతో, కొన్నవారికి ఆట పూర్తిగా దూరమైంది.

ఆటతో పాటు పోయేవి

రైల్వే పట్టణాల్లో బదిలీలు, చదువులు, ఉద్యోగాలు బాల్యమిత్రులను చెదరగొట్టడం కొత్తేమీ కాదు. ఊరు విడిచినా రాత్రి పదింటికి ఆటలో కలుసుకోవడం ఈ తరానికి అరుగు మీది కబుర్లతో సమానం. ఆ చోటు మూతపడితే మారుపేరుతో మాత్రమే పరిచయమైన మిత్రుడిని తిరిగి పట్టుకోవడం కష్టం. ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న మూతపడినప్పుడు ఎంతోమంది భారతీయులకు ఇదే అనుభవమైంది. 2020 సెప్టెంబరు 2న కేంద్రం పబ్‌జీ మొబైల్ సహా 118 యాప్‌లను నిషేధించింది. కారణం దేశ భద్రత అయినా, అక్కడే కలుసుకునే జట్లకు చోటు పోయిన మాట ఒకటే.

అమెరికాలోని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023 అధ్యయనం ప్రకారం, ఆ దేశంలో 2010కి ముందు విడుదలైన ఆటల్లో 87 శాతం ఇప్పుడు మార్కెట్లో దొరకడం లేదు.

కాపాడినది అభిమానులే

2012 నవంబరులో మూసివేసిన సిటీ ఆఫ్ హీరోస్‌ను అభిమానులు సొంత సర్వర్లపై నడిపారు. ఆ సంగతి 2019లో వెల్లడైంది. హక్కుదారైన ఎన్‌సీసాఫ్ట్ 2024 జనవరిలో వారిలో ఒక బృందానికి అధికారిక లైసెన్సు ఇచ్చింది. పాత ఆటయంత్రాలను కంప్యూటర్‌పై అనుకరించే మేమ్ ప్రాజెక్టు 1997 నుంచి ఔత్సాహికుల శ్రమతోనే సాగుతోంది. 'ద క్రూ' ఉదంతం తర్వాత మొదలైన 'స్టాప్ కిల్లింగ్ గేమ్స్' ఉద్యమ పిటిషన్‌పై ఐరోపాలో సంతకాల సంఖ్య 2025 జులైలో 10 లక్షలు దాటింది. సేవ ముగించే ముందు ఆట ఏదో ఒక రూపంలో నడిచేలా వదిలివెళ్లాలన్నది వారి కోరిక.

మన చట్టం ఏమంటోంది?

1957 నాటి కాపీరైట్ చట్టం కంప్యూటర్ ప్రోగ్రామును సాహిత్య రచనగా పరిగణిస్తుంది. చట్టబద్ధంగా కొన్న ప్రతి పాడైతే వాడుకునేందుకు నకలు తీసిపెట్టుకోవడాన్ని సెక్షన్ 52 అనుమతిస్తుంది. ఇతరుల ఆటలను ఇంటర్నెట్ నుంచి దించుకోవడానికి ఆ మినహాయింపు వర్తించదు. సర్వర్‌పైనే ఉండే ఆటకు నకలు తీసే వీలే లేదు.

దేశంలో అచ్చయిన ప్రతి పుస్తకం ప్రతిని కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయానికి పంపాలని 1954 చట్టం చెబుతోంది. సినిమాల కోసం పుణెలో 1964లోనే ఆర్కైవ్ ఏర్పాటైంది. వీడియో గేమ్‌లను అలా అప్పగించాలనే నిబంధన ఆ 1954 చట్టంలో లేదు.

అందువల్ల ప్రస్తుతానికి బాధ్యత ఆటగాళ్లదే. కొనే ముందు ఆట ఇంటర్నెట్ లేకుండా నడుస్తుందో లేదో చూసుకోవడం, పాత కేసెట్లు, డిస్కులను తేమ తగలకుండా దాచడం, సేవ ముగుస్తుందన్న ప్రకటన రాగానే ఫొటోలు, సంభాషణలు భద్రపరచుకోవడం వారు చేయగలిగిన పనులు. అన్నిటికన్నా ముందు, జట్టులోని మిత్రుల అసలు పేర్లు, ఫోన్ నంబర్లు తీసుకోవడం అవసరం. ఆటకు మరో నకలు దొరకవచ్చు కానీ మనిషికి దొరకదు.