మళ్లీ తాగితే అంతా అయిపోయినట్టేనా?

మందు మానిపించడానికి ఒక ఇల్లు ఎంత తపన పడుతుందో దగ్గర నుంచి చూసినవాళ్లకి తెలుసు. పిల్లల తల మీద చెయ్యి వేయించి ఒట్టు పెట్టిస్తారు. గుడికి తీసుకెళ్లి ప్రమాణం చేయిస్తారు. అప్పు చేసైనా డీఅడిక్షన్ సెంటర్లో చేర్పిస్తారు. కొన్ని నెలలు గడిచాక ఓ శనివారం రాత్రి మనిషి తూలుతూ ఇంటికొస్తే, "ఇక వీడు బాగుపడడు" అని అందరూ చేతులెత్తేస్తారు. నిజానికి కౌన్సెలింగ్‌లో సగం పని ఆ శనివారం గురించే. అది రాకుండా ఏం చెయ్యాలి, వస్తే ఆదివారం పొద్దున ఏం చెయ్యాలి అన్నది ముందే అనుకుని ఉండాలి. కేంద్ర సామాజిక న్యాయ శాఖ ఎయిమ్స్‌తో చేయించి 2019లో విడుదల చేసిన సర్వే ప్రకారం, మద్యానికి బానిసలైనవాళ్లలో 38 మందికి ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోంది. చికిత్స దాకా వచ్చిన ఆ ఒక్కరినీ మన అపోహలే మధ్యలో వదిలేసేలా చేస్తున్నాయి.

అపోహ: మానేసినవాడు మళ్లీ తాగాడంటే చికిత్స పని చెయ్యనట్టే.

వాస్తవం: వ్యసనానికి చికిత్స తీసుకున్నవాళ్లలో 40 నుంచి 60 శాతం మంది మళ్లీ ఎప్పుడో ఒకప్పుడు తప్పటడుగు వేస్తారని అమెరికాలోని జాతీయ మాదకద్రవ్య పరిశోధన సంస్థ చెబుతోంది. బీపీ, ఆస్తమా రోగుల్లో జబ్బు తిరగబెట్టేది 50 నుంచి 70 శాతం మందికి. బీపీ పెరిగితే మందులు మార్చమని డాక్టర్ దగ్గరికి పరుగెత్తే మనం, మళ్లీ తాగినవాణ్ని మాత్రం ఇంట్లోంచి గెంటేస్తాం.

వాషింగ్టన్ యూనివర్సిటీలో పనిచేసిన మనస్తత్వవేత్త అలన్ మార్లాట్, జుడిత్ గోర్డన్‌తో కలిసి 1985లో తెచ్చిన పుస్తకంలో ఒక ముఖ్యమైన తేడా చూపించాడు. ఒకసారి కాలు జారడం వేరు, పాత అలవాటులో పూర్తిగా పడిపోవడం వేరు. మొదటి పెగ్గు నుంచి వారం రోజుల తాగుడు దాకా మనిషిని లాక్కెళ్లేది మద్యం ఒక్కటే కాదు. "ఎలాగూ ఒట్టు తప్పాను, నా వల్ల కాదని తేలిపోయింది, ఇంకెందుకు ఆగడం" అనే ఆలోచన కూడా. ఆ సిగ్గుకి ఇంట్లోవాళ్ల తిట్లు తోడైతే అతను నేరుగా వైన్స్ దగ్గరికే వెళతాడు. అంటే ఒక పెగ్గు పరవాలేదని కాదు. జారినచోటే ఆగడం ఎలాగో ముందుగా నేర్పాలి: మిగిలిన సీసా పారబొయ్యడం, తెల్లారగానే కౌన్సెలర్‌కి ఫోన్ చెయ్యడం, రావాల్సిన అపాయింట్‌మెంటు మానకపోవడం. హెరాయిన్ లాంటివి వాడినవాళ్లకి ఇంకో పెద్ద ప్రమాదం ఉంది. కొన్నాళ్లు మానేస్తే ఒంటికి తట్టుకునే శక్తి తగ్గిపోతుంది కాబట్టి, పాత మోతాదే ప్రాణం తీయవచ్చు.

అపోహ: "జీవితంలో ముట్టను" అని గట్టిగా ఒట్టు వేయిస్తే చాలు.

వాస్తవం: తాగుడుకి పూర్తిగా బానిసైనవాడికి చివరి లక్ష్యం అదే, అందులో అనుమానం లేదు. కానీ ఆ ఒట్టు ఈ సాయంత్రం ఆరు గంటలకి ఏం చెయ్యాలో చెప్పదు.

ఒక తాపీ మేస్త్రిని తీసుకుందాం. మంచి కౌన్సెలర్ అతన్ని ముందుగా అడిగేది, కిందటి మూడు సార్లు ఎప్పుడు తాగావు, పక్కన ఎవరున్నారు, అంతకు గంట ముందు ఏం జరిగింది అని. కాగితం మీద రాస్తే బొమ్మ కనపడుతుంది: శనివారం, బట్వాడా అయిన అరగంటకి, చేతిలో డబ్బు, ఖాళీ కడుపు, ఒళ్లునొప్పులు, బండి వెనక కూర్చున్న పాత దోస్తు, దారిలో వైన్స్. ఇప్పుడు లక్ష్యం జీవితాంతానికి కాదు, రాబోయే శనివారానికి పెట్టుకోవాలి. కూలి డబ్బు భార్య ఖాతాలో వేయమని కాంట్రాక్టర్‌ని అడుగుతాడు. పని దిగగానే కడుపునిండా ఏదైనా తింటాడు. బావమరిదితో కలిసి వేరే దారిలో ఇంటికొస్తాడు. దోస్తు పిలిస్తే చెప్పాల్సిన మాట, "డాక్టర్ మాత్రలు వాడుతున్నా అన్నా, ముట్టకూడదు" అన్నది కౌన్సెలర్ ఎదుట ముందుగానే నాలుగుసార్లు పైకి అని చూస్తాడు. వినడానికి చిన్న విషయమే, కానీ నోటికి అలవాటు లేని మాట అవసరానికి రాదు. వచ్చే వారం కూర్చున్నప్పుడు ఏది చేశాడో, ఏది చెయ్యలేదో ఇద్దరూ చూసుకోవచ్చు. "ఇకనుంచి బుద్ధిగా ఉంటాను" అనే లక్ష్యాన్ని అలా సరిచూడటం కుదరదు.

ఇంకో మాట. ఆ లక్ష్యం అతని నోటి నుంచే రావాలి. భార్యో, తల్లో, డాక్టరో రాసిచ్చిన లక్ష్యానికి అతను తలూపుతాడు, అంతే.

అపోహ: అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు ఉన్నాడంటే మానేసినట్టే.

వాస్తవం: దీక్షలో మనిషి తాగకపోవడానికి భక్తితోపాటు బలమైన కారణాలున్నాయి. తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, సాయంత్రం భజన, చుట్టూ తాగని స్వాములు. తాగమని బలవంతపెట్టేవాడు ఊళ్లో ఒక్కడూ ఉండడు. వ్యసనం మానాలంటే కావలసిన ఏర్పాట్లు చాలావరకు ఇవే. శబరిమల వెళ్లొచ్చి మాల తీసిన రోజున ఇవన్నీ ఒక్కసారే పోతాయి. అందుకే మాల తియ్యకముందే కౌన్సెలర్‌ని కలవాలి. పొద్దుటి స్నానం, సాయంత్రపు భజన, ఆ స్వాముల్లో ఇద్దరి స్నేహం నిలుపుకోవాలి.

అయితే రోజూ పొద్దున్నే మందు పడనిదే చేతులు వణికేవాళ్లు మాల కోసమైనా, ఒట్టు కోసమైనా ఒక్కసారిగా ఆపకూడదు. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య మతి తప్పి, లేనివి కనిపించి, ప్రాణం మీదికి రావచ్చు. ఆల్ప్రాజోలం, డయాజిపాం లాంటి మత్తుమందులు కలిపిన కల్తీ కల్లు ఆపినా ఇంతే. తెలంగాణ పల్లెల నుంచి హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి ఇలా వచ్చినవాళ్లు ఎందరో. డాక్టర్ చేతుల మీదుగా మానడమే క్షేమం.

అపోహ: తెలియకుండా కూరలో మాత్ర కలిపేస్తే వాడే మానేస్తాడు.

వాస్తవం: అది డైసల్ఫిరాం. వాడేవాడికి తెలియకుండా ఇవ్వడం ప్రమాదం. దాని మీద తాగితే బీపీ పడిపోతుంది, గుండె దడ, వాంతులు. చావు కూడా రావచ్చు. ఆపిన రెండు వారాల దాకా ఆ ప్రభావం ఉంటుంది. తాగాలనే కోరికను తగ్గించే నాల్‌ట్రెక్సోన్, అకాంప్రోసేట్ అనే మందులూ ఉన్నాయి. ఏది ఎవరికి పడుతుందో సైకియాట్రిస్టు తేల్చాలి.

అపోహ: కోరిక పుట్టిందంటే తాగేదాకా తగ్గదు.

వాస్తవం: పెరుగుతుంది, కాసేపు నిలుస్తుంది, దానంతటదే తగ్గుతుంది. చాలాసార్లు అరగంటలోపే. ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట ఉన్నప్పుడు అది ఎక్కువ. ముందు అన్నం పెట్టండి.

అపోహ: కొట్టి, కట్టేసి, గుండు గీస్తే దారికొస్తాడు.

వాస్తవం: 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, డ్రగ్స్ వల్ల వచ్చే మానసిక సమస్యలకీ వర్తిస్తుంది. బలవంతంగా గుండు గీయడాన్నీ, క్రూరంగా చూడటాన్నీ అది ఒప్పుకోదు. అలాంటి సెంటర్ అయితే మీ మనిషిని వెంటనే బయటికి తెచ్చుకోండి.

మీ ఇంట్లో మానేసి మళ్లీ తాగినవాళ్లుంటే, తిట్టే ముందు జాతీయ డీఅడిక్షన్ హెల్ప్‌లైన్ 14446కి గానీ, టెలీ మానస్ 14416కి గానీ ఫోన్ చెయ్యండి. రెండూ ఉచితం. టెలీ మానస్‌లో తెలుగులో మాట్లాడొచ్చు, రాత్రీ పగలూ పలుకుతారు.