కాపలాదారులను అదుపు చేసే కణాలు

శెనక్కాయ చేతికొచ్చే రోజుల్లో గుమ్మఘట్ట వైపు రైతులు రాత్రిళ్లు చేనికి కాపలా ఉంటారు. కాపలావాడు అడవిపందిని తరమాలి గాని, చీకట్లో పోల్చుకోలేక ఇంటి మనిషినే కొడితే ఎలా?

మన రక్తంలోనూ ఇటువంటి కాపలా ఉన్నది. తెల్ల రక్తకణాలలో టి కణాలనేవి రోగక్రిములతో పోరాడతాయి. ఒక్కోసారి అవి సొంత శరీరంపైనే తిరగబడతాయి. చిన్నపిల్లలకు వచ్చే చక్కెర వ్యాధి ఎక్కువగా ఇటువంటిదే.

మరి అందరిలో ఎందుకు తిరగబడవు? జపాను శాస్త్రజ్ఞుడు షిమోన్ సకగుచి 1995లో దీనికి జవాబు చూపించారు. టి కణాలలోనే కొన్ని తక్కినవాటిని అదుపు చేస్తాయి. ఇవే నియంత్రణ టి కణాలు. వీటిని వేరుచేసి, మిగిలిన టి కణాలను మాత్రమే టి కణాలు లేని ఎలుకలకు ఎక్కిస్తే జబ్బు వచ్చింది. వీటిని కూడా కలిపి ఎక్కిస్తే రాలేదు. 2001లో అమెరికాలో మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ ఫాక్స్‌పి3 అనే జన్యువును కనుగొన్నారు. ఈ కణాలు తయారు కావడానికి అదే కీలకమని తరువాత తేలింది. ముగ్గురికీ 2025లో నోబెల్ బహుమతి లభించింది.

చూడటానికి ఒకే తీరుగా ఉండే కణాలను విడదీసేదెట్లా? ఒక్కో రకానికి మాత్రమే అంటుకునే రంగు మందును రక్తంలో కలుపుతారు. ఫ్లో సైటోమీటర్ అనే యంత్రంలో కణాలు ఒకదాని వెనుక ఒకటి లేజరు కాంతి ముందు నుండి సాగిపోతాయి. మెరిసిన రంగునుబట్టి యంత్రం లెక్క కడుతుంది.

హెచ్.ఐ.వి. సోకినవారికి చేసే సి.డి.4 పరీక్షకూ ఈ పద్ధతినే వాడతారు. ఆ వైరస్ నాశనం చేసేది సి.డి.4 టి కణాలనే. ఘన మిల్లీమీటరు రక్తంలో అవి 200కు తగ్గితే క్షయవంటి జబ్బులు సులభంగా పట్టుకుంటాయి. బత్తలపల్లిలోని ఆర్.డి.టి. ఆసుపత్రి వైద్యులు అనంతపురం జిల్లా రోగులను పరిశీలించి 2012లో ప్రచురించిన పరిశోధనలో, చాలామంది ఆలస్యంగా చికిత్సకు వస్తున్నారని తెలిపారు.

ఆ ఆలస్యానికి ఇప్పుడు అవసరం లేదు. 2017 నుండి మన దేశంలో, సి.డి.4 లెక్క ఎంత ఉన్నా, వ్యాధి నిర్ధారణ కాగానే ప్రభుత్వ ఎ.ఆర్.టి. కేంద్రాలలో ఉచితంగా మందులిస్తున్నారు. అనుమానమున్నవారు సిగ్గుపడి దాచుకోక పరీక్ష చేయించుకోవాలి. ఒంట్లో బాగున్నదని మాత్రలు మానరాదు. ఇరుగుపొరుగు వారు వేలెత్తి చూపక, ఆసుపత్రికి తోడు వెళ్తే ఒక కుటుంబం నిలబడుతుంది.