బండి కంప్రెసరు పోయింది, భారం ఎవరి నెత్తిన?

అంబాజీపేట కొబ్బరి మార్కెట్టు దగ్గర ఒక పికప్ వ్యాను ఆగి ఉంది. వెనక కాయల బస్తాలు. డ్రైవరు చెట్టునీడన నిలబడి తువ్వాలుతో మెడ తుడుచుకుంటున్నాడు. బండి అతనిదే గాని, ఫైనాన్సు వాయిదాలు ఇంకా తీరలేదు.

"ఏసీ చల్లబడట్లేదండీ. కంప్రెసరు పోయింది, మార్చాలన్నాడు మెకానిక్కు. ఈ నెల వాయిదా కట్టనా, దాన్ని మార్పించనా?" అన్నాడు.

పక్కనున్న దింపు కూలీ నవ్వాడు. "మేం చెట్టెక్కితే ఏసీ ఎవడు పెట్టాడు తమ్ముడూ?"

ఆ నవ్వులో న్యాయం ఉంది. కాని అక్కడితో ఆగిపోతే కష్టజీవి మీద కష్టజీవిని పోటీ పెట్టినట్టవుతుంది. మీద రేకు, పక్కన ఇంజను సెగ, సముద్రపు ఉక్క. వైశాఖ మాసంలో రాజోలు నుంచి రావులపాలెం దాకా బండి తోలేవాడికి చల్లగాలి సోకు కాదు. కళ్లు మూతపడకుండా, బండి కాలవలోకి పోకుండా కాపాడే సాధనం.

ఈ సంగతి ప్రభుత్వమూ ఒప్పుకుంది. 2025 అక్టోబరు 1 తర్వాత తయారయ్యే లారీల క్యాబిన్లలో ఏసీ ఉండి తీరాలని కేంద్రం 2023 డిసెంబరులో ఉత్తర్వు ఇచ్చింది. కాని అది మూడున్నర టన్నులు దాటిన బండ్లకే. కోనసీమలో కాయలు, అరటి గెలలు, చేపలు మోసే చిన్న బండ్లు ఆ లెక్కలోకి రావు. ఎండకు టన్నుల లెక్క తెలుసా?

ఇక ఖర్చు సంగతి. కంప్రెసరు ఏసీకి గుండెకాయ లాంటిది. ఇంజను బెల్టుతో తిరిగి గ్యాసును ఒత్తిడితో గొట్టాల్లో తిప్పుతుంది. గ్యాసుతోపాటే నూనె కూడా తిరుగుతుంది. ఎక్కడన్నా కారితే గ్యాసూ పోతుంది, నూనే తగ్గుతుంది. అప్పుడు లోపల ఇనుము ఇనుము రాసుకుని కంప్రెసరు పట్టేస్తుంది. సముద్రం దగ్గర ఉప్పుగాలికి ముందున్న కండెన్సరు తుప్పు పట్టి చిల్లులు పడటం కూడా ఉంది.

పట్టేసిన కంప్రెసరు ఒక్కటీ మారిస్తే చాలదు. ఇనుప రజను గొట్టాల్లో చేరి ఉంటుంది. అది కడగాలి, డ్రయరు మార్చాలి, గాలి లాగేసి కొత్త నూనె, గ్యాసు పట్టించాలి. ఇవి చెయ్యకపోతే కొత్తదీ కొన్నాళ్లకే పోతుంది. అందుకే బిల్లు పెరుగుతుంది. అన్నీ కలిపి 20 వేల రూపాయలే అనుకుందాం. 2025–26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. అంటే ఒక కూలీ 65 రోజులు మట్టి తవ్వితే వచ్చే డబ్బు ఒక్క రిపేరుకు సరి.

ఆ 20 వేలు ఎక్కడికి పోతాయి? డ్రైవరు కిరాయి పెంచుతాడు. వ్యాపారి ఆ పెంపును తన లాభంలోంచి ఇస్తాడా? వెయ్యి కాయల ధరలో కోస్తాడు. రైతు చెయ్యి ఆడక దింపు కూలి, వలుపు కూలి దగ్గర బేరం పెడతాడు. చివరికి బండి కంప్రెసరు ఖర్చు, బండెక్కని కూలివాడి కంచంలోంచి పోతుంది. చెట్టుకింద నవ్విన కూలీకీ ఈ బిల్లుతో సంబంధం ఉందన్నమాట.

పన్ను సంగతీ చూడాలి. వాహన విడిభాగాలు చాలావాటిపై 28 శాతం ఉన్న జి.ఎస్.టి.ని 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతానికి తగ్గించారు. ఆ తగ్గింపు బిల్లులో కనిపించిందా, మధ్యలో ఎవరన్నా మింగేశారా అని అడగటం మన హక్కు.

డ్రైవరు సోదరులు కొన్ని సంగతులు గుర్తుంచుకోవాలి. చల్లగాలి రాకపోతే కంప్రెసరే పోయిందని అర్థం కాదు. ఫ్యూజు, రిలే, బెల్టు, క్లచ్చి కాయిలు, కండెన్సరు ఫ్యాను, గ్యాసు లీకు, ఇవన్నీ ముందు చూపించుకోవాలి. వీటిలో కొన్ని కొద్ది డబ్బుతో బాగుపడతాయి. లీకు మూయకుండా మళ్లీ మళ్లీ గ్యాసు పట్టిస్తే చిల్లికుండలో నీళ్లు పోసినట్టే. పాత సామాను చేతికి ఇమ్మనాలి. కాగితం మీద బిల్లు, గ్యారంటీ రాయించుకోవాలి. చలికాలంలో కూడా అప్పుడప్పుడు కాసేపు ఏసీ తిప్పితే లోపల నూనె ఆడుతుంది.

ఇవన్నీ ఒక్కడు చేసుకునే జాగ్రత్తలు. జాగ్రత్త ఒక్కటే చాలదు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు పని అంది. కాని అది అయిదుగురైనా పనిచేసే సంస్థలకే వర్తించేది. 2025 నవంబరు 21 నుంచి ఆ చట్టమూ లేబరు కోడ్‌లలో కలిసిపోయింది. ఒంటి బండి తోలుకునేవాడు పేరుకు యజమాని, బతుకు కూలి బతుకు. అతన్ని ఆనాడూ చట్టం చూడలేదు.

కాబట్టి చిన్న బండ్ల క్యాబిన్లకూ ఆ ఉత్తర్వు వర్తింపజెయ్యాలి. ఆ ఖర్చు డ్రైవరు నెత్తిన పడకుండా చూడాలి. రిపేర్లకు సహకార సంఘాల ద్వారా తక్కువ వడ్డీ అప్పు ఇవ్వాలి. మార్కెట్టు యార్డుల్లో డ్రైవర్లకు, హమాలీలకు, వలుపు కూలీలకు నీడ, మంచినీళ్లు ఉండాలి. కిరాయి పెరిగినప్పుడు వ్యాపారి తన వాటా భరించాలి.

ఇవి అడగాలంటే డ్రైవరూ, దింపు కూలీ, బక్క రైతూ ఒకే చెట్టుకింద కూర్చోవాలి. అంబాజీపేటలో ఆ చెట్టు ఉంది. నవ్వుకున్న ఆ ఇద్దరూ ఇప్పటికే దాని కింద ఉన్నారు. రైతు కూడా వచ్చి కూర్చోవటమే తరువాయి.