కాపరిని ప్రశ్నించడం పాపమా? అపోహలు – వాస్తవాలు

1970లో అమెరికాలోని ఫోర్ట్ లాడర్‌డేల్‌లో తోటి నాయకుడొకరు నైతికంగా పతనమవడం నలుగురు బోధకులను కలవరపెట్టింది. తమకూ ఆ గతి పట్టకూడదని డెరెక్ ప్రిన్స్, బాబ్ మమ్‌ఫోర్డ్, చార్లెస్ సింప్సన్, డాన్ బాషమ్ ఒకరికొకరు జవాబు చెప్పుకుందామని మాట ఇచ్చుకున్నారు. తర్వాత ఎర్న్ బాక్స్‌టర్ వారితో కలిశారు. ‘షెపర్డింగ్ ఉద్యమం’ అలా మొదలైంది. ఉద్దేశం మంచిదే. కొన్నేళ్లకే అది ప్రతి విశ్వాసీ ఒక కాపరికి లోబడి తీరాలన్న కట్టడిగా మారింది. పెళ్లికీ, ఉద్యోగానికీ, ఊరు మారడానికీ కాపరి ఒప్పుకోవాలి. చాలాచోట్ల దశమభాగం కూడా ఆయనకే. ఎన్నో కుటుంబాలు నలిగిపోయాక, 1989లో మమ్‌ఫోర్డ్ బహిరంగంగా క్షమాపణ కోరారు.

ఆ కట్టడిని నిలబెట్టే మాటలు మన తెలుగు సంఘాల్లోనూ వినిపిస్తాయి. వాటిని వాక్యంతోనే సరిచూద్దాం.

అపోహ 1: అభిషిక్తుణ్ని ప్రశ్నిస్తే శాపం తగులుతుంది.

వాస్తవం: ఇందుకు చూపించే 105వ కీర్తన అబ్రాహాము, ఇస్సాకు, యాకోబుల గురించినది. పరదేశులుగా తిరుగుతున్న ఆ కుటుంబాల జోలికి వెళ్లొద్దని దేవుడు రాజులను హెచ్చరించాడు. అధికారం లేనివారికి ఇచ్చిన ఆ రక్షణను అధికారం ఉన్నవారు తమకు అడ్డు పెట్టుకోవడం అన్యాయం. దావీదు సౌలు మీద చెయ్యి వేయలేదు, కానీ అతని సైన్యం వినేలా నిలదీశాడు. అభిషిక్తుడైన ఆ దావీదే తప్పు చేస్తే నాతాను ముఖం మీదే చెప్పాడు. నాతానుకు ఏ శాపమూ తగల్లేదు.

అపోహ 2: నాయకులకు లోబడమని వాక్యం చెప్పింది కాబట్టి కారణం అడగకూడదు.

వాస్తవం: లోబడమని చెప్పిన హెబ్రీ 13:17లోనే నాయకులు లెక్క అప్పజెప్పవలసినవారని కూడా ఉంది. మంద మీద పెత్తనం చేయొద్దని పెద్దలకు పేతురు రాశాడు. ఆ పేతురే అంతియొకయలో తప్పటడుగు వేస్తే పౌలు అందరి ముందూ నిలదీశాడు. ఇక పౌలు బోధను బెరయవారు రోజూ లేఖనాలతో పోల్చి చూశారు. అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయం వారిని మెచ్చుకుందే తప్ప తప్పుపట్టలేదు.

అపోహ 3: సేవకుడి తప్పు బయటపెడితే దేవుని నామానికి అవమానం.

వాస్తవం: దాచడం వల్లే అవమానం పెరుగుతుంది. మద్రాసులో పుట్టి ప్రపంచమంతటా పేరు పొందిన రవి జకరయాస్‌పై 2017లో ఒక మహిళ ఆరోపణ చేస్తే ఆయన సంస్థ ఆయన మాటనే నమ్మింది. 2020లో ఆయన మరణించాక ఆ సంస్థ నియమించిన న్యాయవాదులే విచారణ జరిపి, ఆయన పలువురు మహిళలతో లైంగికంగా అనుచితంగా ప్రవర్తించారని 2021లో నివేదిక ఇచ్చారు. మొదట్లోనే నిజాయితీగా విచారించి ఉంటే ఆ మహిళ అన్నేళ్లు నింద మోసేది కాదు. ఇద్దరు ముగ్గురు సాక్షులుంటే పెద్దల మీద ఫిర్యాదు స్వీకరించాలనీ, పాపంలో కొనసాగేవారిని అందరి ఎదుట గద్దించాలనీ 1 తిమోతి 5 చెబుతోంది.

అపోహ 4: ఏం జరిగినా సంఘంలోనే సర్దుకోవాలి, పోలీసుల దగ్గరికి వెళ్లకూడదు.

వాస్తవం: ఇందుకు చూపించే 1 కొరింథీ 6 విశ్వాసుల మధ్య వ్యాజ్యాల గురించి మాట్లాడుతుంది, నేరాల గురించి కాదు. నేరాన్ని శిక్షించే బాధ్యతను రోమా 13 ప్రభుత్వానికి అప్పగించింది. పైగా, పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరాలని 2012 నాటి పోక్సో చట్టం నిర్దేశిస్తోంది. పాస్టరుకైనా సంఘ పెద్దకైనా ఇందులో మినహాయింపు లేదు.

మీ సంఘంలో ఈ మూడు విషయాలు అడగండి. కానుకల లెక్కలు ఏటా అందరి ముందూ పెడుతున్నారా? కాపరి బంధువులు కాని పెద్దలు ఆయనతో “ఇది కుదరదు” అనగలరా? సంఘం మారాలనుకునేవారిని శపించకుండా దీవించి పంపుతున్నారా? మంచి కాపరికి ఈ ప్రశ్నలు కాపుదల. అడిగినందుకే మీ మీద తిరుగుబాటుదారు అని ముద్ర వేస్తే అక్కడి నుంచి బయటికి రండి. ఒక నాయకుణ్ని విడిచిపెట్టినంత మాత్రాన క్రీస్తును విడిచిపెట్టినట్టు కాదు.